బర్రె కంటె ముందు గడ్డి

దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోగా మన టెంఘర్ మీదుగా గడ్డి లారీలు మొదలవుతాయి. వాడా, శహాపూర్, ముర్బాడ్ వైపు కొండవాలుల మీద వానకాలమంతా నడుమెత్తు పెరిగిన గడ్డిని కోసి, ఎండబెట్టి, మోపులుగా బిగించి తబేలాలకు తోలుతారు. లారీ మీద లారీ అంత గడ్డి వుంటుంది. కల్యాణ్ రోడ్డు మలుపులో అది కొంచెం వొరిగితే చాలు, టీ దుకాణం ముందు నిలబడిన మన సాంచాల వాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు.

ఈ ఏడు ఆ లారీలను చూస్తున్న రోజులలోనే మాకొక వుత్తరం అందినది. అందుచేత ఈ మాసం మిగతా విషయాలు పక్కన బెట్టి గడ్డి సంగతి వ్రాస్తున్నాము. పత్రికలో గడ్డి ఏమిటని పాఠకులు నవ్వుకోవద్దు. మనలో చాలామందిమి ఇక్కడ రాత్రి పాళీ చేసి పంపే రూపాయి అక్కడ వూళ్ళో గడ్డివాము దగ్గరే కరిగిపోతున్నది.

వుత్తరం వ్రాసిన సోదరి పేరు, వూరు ప్రకటించడం లేదు. పాత నల్లగొండ జిల్లా వారు. భర్త సాంచాలు నడుపుతారు, ఆమె ఇంట్లో కండెలు చుట్టుతుంది. రెండేళ్ళు చీటీ కట్టి, ఎత్తుకున్న డబ్బుతో వూళ్ళో వున్న అత్తగారికి ముర్రా బర్రెను కొనిచ్చారు. తరువాతి సంగతి ఆమె మాటలలోనే:

“అత్తమ్మ ఒక్కతే వుంటది, చేతికి పాలైనా వుంటయి, నాలుగు డబ్బులైనా వస్తయి అనుకున్నము. సంక్రాంతి దాకా పూటకు మూడు లీటర్లు ఇచ్చింది. శివరాత్రి దాటినంక లీటరుకు దిగింది. వరిగడ్డి కొనమని నెలనెలా ఇక్కడికెల్లి పంపినము. మిరుగు రాకముందే బేరగానికి అమ్మేసినము. పెట్టిన దాంట్ల సగం రాలే. మళ్ళ చీటీ వేద్దామంటే ఆయన వద్దంటున్నడు. బర్రె మంచిది కాదా, మా రాత మంచిది కాదా?”

బర్రె మంచిదేనమ్మా. రాత సంగతి మాకు తెలియదు. ఆ ఇంటికి బర్రె వచ్చినది గాని దాని కంచం రాలేదు. ఇటువంటి కథ మేము ఇదివరకు అరడజను ఇళ్ళలో విన్నాము. ఎవరూ పత్రికకు వ్రాయలేదు, అంతే తేడా.

ముందు లెక్క చూద్దాము. 400 కిలోల బరువున్న పాడి బర్రెకు రోజుకు 10 నుంచి 12 కిలోల ఎండు మేతకు సమానమైన తిండి కావాలి. పచ్చిగడ్డిలో ముప్పాతిక పైన నీరే గనుక అదే తిండి పచ్చిగా వేస్తే 40 కిలోలు దాటుతుంది. ఇక సత్తువ మాట. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళు. బర్రె తన గడ్డిని తానొక్కతే అరిగించుకోదు. దాని పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు వుండి గడ్డిని మురగబెట్టి అరిగిస్తాయి. వాటికీ తిండి కావాలి గదా! మేతలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ళయినా లేకపోతే అవి పని మందగిస్తాయి. అప్పుడు తిన్న గడ్డి పొట్టలోనే నిలుస్తుంది. నిలిచినంతసేపు బర్రె మళ్ళీ తినలేదు. చూచేవారికి కడుపు నిండుగా కనబడుతుంది. కొన్నాళ్ళు తన వొంట్లోది కరిగించి పాలిస్తుంది, తరువాత అదీ మానుతుంది. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఆ ఇంట జరిగినది ఇదే.

ముర్రా జాతి పుట్టిల్లు హర్యానా. అక్కడ చలికాలమంతా దానికి బర్సీం అనే పచ్చిమేత దొరుకుతుంది. పుట్టింట బర్సీం తిని పెరిగిన బర్రెను తెచ్చి ఎండు వరిగడ్డి ముందు కట్టేసి, పాలివ్వలేదేమని అడుగుతున్నాము. మన ఆడపిల్లను అత్తవారింట అట్లా చూస్తే వూరుకుంటామా?

మరి ఈ టెంఘర్ లారీల గడ్డి ఎటువంటిది? తబేలాలో పాలు పిండే భయ్యానొకరిని అడిగితే, “గడ్డి పొట్టకు, పాలు దాణాకు” అన్నాడు. సరిగ్గా చెప్పినాడు. ఇక్కడ వాన సెప్టెంబరు చివర దాకా విడువదు. తడిలో కోస్తే మోపు బూజు పడుతుంది. అందుచేత గడ్డి కంకి వేసి, గింజ రాల్చి, పచ్చబారిన తరువాత కోస్తారు. అప్పటికి దాని సారం గింజకూ వేరుకూ పోయి వుంటుంది. కుసళి గడ్డి గింజకు ముల్లు వుండి పంచెకు గుచ్చుకుంటుంది, పశువుల నోటికీ గుచ్చుకుంటుంది. పట్నం పాల ధర దాణా ఖర్చు మోస్తుంది గనుక తబేలాకు ఇది చెల్లుతుంది. ఒంటరి ముసలమ్మ ఒక్క బర్రెతో పత్తిచెక్క, పల్లిచెక్క కొని పాలమ్మితే చేతిలో మిగిలేది పేడ.

దాణా తగ్గించాలంటే గడ్డిలోనే దాణా వుండాలి. అది పప్పుజాతి మొక్క వల్ల అవుతుంది. పల్లీ చెట్టు పీకి చూసిన వారందరూ వేళ్ళకు చిన్నచిన్న బుడిపెలు చూసే వుంటారు. గోటితో ఒకటి చిదిమి చూడండి. లోపల గులాబి రంగు వుంటే అది పని చేస్తున్నదని గుర్తు. తెల్లగా వుంటే ఇంకా మొదలు పెట్టలేదు, ఆకుపచ్చగా వుంటే దాని పని అయిపోయినది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవులు ఆ బుడిపెలలో కాపురముంటాయి. జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త 1886లో ఈ గుట్టు బయటపెట్టినాడు. అంతకు ఎన్ని వందల ఏళ్ళ ముందునుంచో మన తాతలు జొన్నలో కంది, జొన్నలో అనుములు, బొబ్బర్లు కలిపి వేస్తూనే వున్నారు. కోస్తా జిల్లాలలో వరి కోతకు నాలుగు రోజుల ముందు నిలిచిన చేనులోనే పిల్లిపెసర చల్లుతారు. కోసిన తరువాత మిగిలిన తడితో అది పెరిగి పశువుల మేత అవుతుంది. మన మెట్ట చెలకలకు ఆ తడి లేదు గనుక ఆ ఉపాయం మనకు అందలేదు.

గడ్డికి ఈ బుడిపెలు లేవు. గడ్డి ఒక్కటే వేస్తే నేలలో వున్నది తిని రెండు మూడేళ్ళలో చిక్కిపోతుంది. పప్పుజాతి ఒక్కటే వేస్తే కలుపు కమ్ముతుంది, పశువుకు మోతాదు మించితే ప్రమాదం కూడా. రెండూ కలిపితే గడ్డి నేలను కప్పి పట్టుకుంటుంది, పప్పుజాతి దానికి ఎరువిస్తూ మేతకు బలమిస్తుంది. పడుగూ పేకా తెలిసిన మనవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

చలిదేశాల వారు ఈ కలనేతలో ఆరితేరినారు. వారి పప్పుజాతి మొక్క క్లోవర్, మూడేసి ఆకుల చిన్న మొక్క. ఇంగ్లండు రైతులు 17వ శతాబ్దంలో దీనిని పట్టినారు. న్యూజిలాండు పాలు, వెన్న, ఉన్ని అంతా చాలాకాలం గడ్డి, తెల్ల క్లోవర్ కలిసిన బీళ్ళ మీదనే నడిచినది. అక్కడొక విచిత్రం జరిగింది. ఎర్ర క్లోవర్ వేస్తే చక్కగా పెరిగేది, పూసేది, గింజ మాత్రం సరిగా పట్టేది కాదు. ఏటేటా విత్తనం ఇంగ్లండు నుంచి కొని తెచ్చుకొనేవారు. ఆ పువ్వు గొట్టం లోతు. అడుగున వున్న తేనె అందుకోగల పొడుగు నాలుక గల తుమ్మెద ఆ దేశంలో లేదు. చివరకు 1885లో ఇంగ్లండు నుంచి ఓడలో మంచుపెట్టెలలో తుమ్మెదలను తెచ్చి వదిలినారు. ఆ పిమ్మట గింజ పట్టింది. గడ్డి కావాలంటే తుమ్మెదను కూడా తెచ్చుకోవలసి వచ్చిందన్న మాట.

బర్సీం కూడా క్లోవరే, ఈజిప్టు జాతి. మన దేశానికి 1904లో వచ్చినది. మొదట సింధులో వేశారు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులకు అది కొంగుబంగారం. దానికి నెలల తరబడి చలి కావాలి, మాటిమాటికి నీరు కావాలి. మన నల్లగొండ, పాలమూరు, కరీంనగరు చెలకలలో చలి సంక్రాంతికి వచ్చి శివరాత్రికి పోతుంది. బావి, బోరు వున్నవారు దానికి బదులు లూసర్న్ వేసుకోవచ్చును. మరాఠీ వారు దీనిని లసూణ్‌ఘాస్ అంటారు. వెల్లుల్లికీ దానికీ చుట్టరికమేమీ లేదు. విన్న పేరును నాలుకకు అనువుగా తిప్పుకున్నారు కాబోలు. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్ళు కోతకు వస్తుంది. వారం పది రోజులకొక తడి తప్పదు. విత్తనంలో బంగారుతీగ గింజలు కలిస్తే మాత్రం మడి అంతా పసుపు దారాలల్లినట్లు అయి చస్తుంది. తెలిసిన చోటనే విత్తనం కొనవలెను.

మన సోదరి అత్తగారికి బోరు లేదు. ఎకరంన్నర చెలక వుంటే అందులో ముప్పాతిక బీడు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానే దిక్కు. అటువంటి నేలకు క్లోవర్ చేసే పని చేసేది స్టైలో. అమెరికా ఖండపు వేడిదేశాలలో పుట్టినది, చిన్న పసుపు పూలు పూస్తుంది, ఎర్రచెలకలో, గరుపనేలలో కూడా వేరు దింపుతుంది. హమాటా అనే రకం మన ప్రాంతాలకు బాగా అలవాటు పడినది. ఎండిన స్టైలోలో మాంసకృత్తులు వరిగడ్డిలో కంటె చాలా ఎక్కువ. లేతగా కోస్తే ఇంకా ఎక్కువ. 14 పాళ్ళున్న స్టైలో ఒక వంతు, 4 పాళ్ళున్న వరిగడ్డి రెండు వంతులు కలిపి వేస్తే సగటు 7 దాటుతుంది. పొట్టలోని పనివాళ్ళు లేచి పనిలో దిగుతారు. వరిగడ్డిని తీసిపారేయమని మేమనడం లేదు, దానికి తోడు కావాలంటున్నాము.

ఈ స్టైలో విత్తనం మన తెలుగు రైతులే పండిస్తున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. అనంతపురం సీమలో పెనుకొండ పరిసరాల రైతులు దీనిని విత్తనం కోసమే సాగు చేస్తారు. గింజ పండగానే నేల రాలుతుంది గనుక మొక్క కోసి, నేలను చీపురుతో వూడ్చి, మట్టితో సహా ఎత్తి, జల్లించి, తూర్పారబట్టి గింజ తీస్తారు. బంగారు పనివారు దుకాణం వూడ్చి దుమ్ము దాచినట్లే. అక్కడినుంచి ఆ విత్తనం ఇతర రాష్ట్రాలకు పోతుంది. మన జిల్లాల వారు మాత్రం బీడు వుంచుకొని వూరుకున్నారు.

ఒక హెచ్చరిక కూడా వ్రాయాలి. ఆస్ట్రేలియా ఉత్తరభాగంలో ఇంకొక స్టైలో రకాన్ని లక్షల ఎకరాలలో నమ్ముకున్నారు. 1970ల్లో ఆకుమచ్చ తెగులు తగిలి అది తుడిచిపెట్టుకు పోయినది. అందుచేత ఒక్క రకం మీద ఆధారపడవద్దు. హమాటాతో పాటు స్కాబ్రా అనే నిలువుగా పెరిగే రకం కొంత కలుపుకోవడం మంచిది.

ఇక వేసే తీరు. తోడు గడ్డిగా ఎర్రచెలకకు అంజన్ గడ్డి, నల్లరేగడికి మార్వేల్ గడ్డి. మొదటి ఏడే ఎకరమంతా వేయవద్దు. 20 గుంటలు చాలును. ఆ మాత్రానికి స్టైలో కిలోన్నర, గడ్డి విత్తనం కిలోన్నర సరిపోతుంది. స్టైలో గింజ పైపొర గట్టిది, నీళ్ళు దిగవు. అట్లాగే చల్లితే సగం గింజలు ఆ ఏడు నిద్రపోతాయి. పొయ్యి మీద నీళ్ళు మరిగే ముందు గిన్నె అడుగున సన్న బుడగలు లేచి పైకి వస్తుంటాయి గదా, సుమారు 80 డిగ్రీల వేడి, అప్పుడు దించి గింజ పోసి 4 నిమిషాలు వుంచి వార్చి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టవలెను. నాలుగు నిమిషాలంటే నాలుగే. మాట్లాడుతూ మరిచిపోతే గుగ్గిళ్ళు అవుతాయి.

మిరుగు వాన పడి నేల దుక్కికి వచ్చిన తరువాత రెండు విత్తనాలూ పొడి ఇసుకలో కలిపి చల్లి, ముళ్ళకంప ఒకటి ఈడిస్తే చాలు. వేలిగోరు లోతు మించి పూడ్చరాదు. దుక్కిలో సూపర్ ఫాస్ఫేటు కొద్దిగా వేస్తే బుడిపెలకు బలం. యూరియా మాత్రం వద్దు. పక్కవారు వరికి యూరియా చల్లి పచ్చగా చేసినట్లు దీనికీ చల్లుదామనిపిస్తుంది. చల్లితే గడ్డి ఎగబడి పెరిగి స్టైలో నెత్తిన ఎక్కుతుంది, రెండేళ్ళు తిరిగేసరికి గడ్డి ఒక్కటే మిగులుతుంది. తరువాత ఏటేటా యూరియా కొనక తప్పదు.

మొదటి మూడు నెలలు చూస్తే ఏడుపు వస్తుంది. కలుపు మోకాలెత్తు, స్టైలో బెత్తెడు. చాలామంది ఇక్కడే దున్నేస్తారు. వోపిక పట్టి ఒకటి రెండు సార్లు కలుపు తీసి, పూతకు వచ్చినప్పుడు జానెడు మొదలు వదిలి కోసుకోవలెను. మొదటి ఏడు పశువును లోపలికి విడువకూడదు. కొంత గింజ రాలనిస్తే రెండవ ఏటినుంచి అదే మొలుస్తుంది. 20 గుంటల బీడు ఒక బర్రెను పూర్తిగా పోషిస్తుందని చెప్పి మోసపుచ్చలేము. మంచి ఏడు అయితే దాని తిండిలో నాలుగో వంతు ఇస్తుంది. ఆ నాలుగో వంతే దాణాకు బదులు నిలిచేది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా నాయన బావి దగ్గర లూసర్న్ మడి వేసినారు. ఒక మార్గశిరం తెల్లవారుజామున, రాత్రి మేత చాలక ఆకలితో వున్న బర్రె పలుపు తెంపుకొని ఆ మడిలో పడినది. మంచుకు తడిసిన లేత లూసర్న్ కడుపారా తిన్నది. పొద్దెక్కేసరికి ఎడమ డొక్క డప్పులాగా వుబ్బింది. ఎవరో నూనె పట్టమన్నారు, ఇంకెవరో నడిపించమన్నారు. పశువుల డాక్టరుకు కబురు పెట్టి ఆయన వచ్చేలోగా అది పడిపోయి లేవలేదు. చూడి బర్రె. మా అమ్మ మూడు రోజులు పొయ్యి ముట్టలేదు. తప్పు బర్రెది కాదు, లూసర్న్‌ది కాదు, మాదే. ముందుగా ఇంత ఎండుగడ్డి వేసి, మంచు ఆరిన తరువాత, కొద్దికొద్దిగా వరిగడ్డిలో కలిపి వేయవలసిన మేత అది. డొక్క వుబ్బడం కనబడితే వెంటనే డాక్టరుకు కబురు పెట్టి, ఆలోగా పశువును ముందుకాళ్ళు ఎత్తుగా వుండేటట్లు నిలబెట్టి, పల్లినూనె పావులీటరు నుంచి అరలీటరు దాకా మెల్లగా, వూపిరితిత్తులలోకి పోకుండా పట్టవచ్చును. స్టైలోకు ఈ గుణం లేదు. దానిని మేము మెచ్చుకొనుటకు ఇది పెద్ద కారణం.

అన్నిటికంటె చిక్కు ప్రశ్న వేరే వున్నది. మనం బీడు అంటున్నది నిజంగా ఖాళీగా వున్నదా? మనం భివండిలో వున్న ఇన్నేళ్ళూ ఆ బీట్లో కురుమల మందలు మేస్తున్నాయి. ఎవరినీ అడగలేదు, మనమూ అభ్యంతరం పెట్టలేదు. ఈ వేళ హఠాత్తుగా కంచె కడితే ఆ గొర్రెల కాపరి ఎక్కడికి పోతాడు? రాత్రికి రాత్రి కంచె తొలగితే మన అత్తమ్మ ఒక్కతే ఎవరితో తగువు పడుతుంది? తెలంగాణ ప్రభుత్వం 2017లో గొర్రెల పంపిణీ మొదలు పెట్టినప్పుడు మందలు పెరిగినవి గాని మేసే నేల పెరగలేదు. మా సలహా ఏమంటే కంచె కంటె ముందు ఆ కాపరితో మాట్లాడవలెను. మిరుగు నుంచి దీపావళి దాకా లోపలికి రావద్దు. కోత అయిన తరువాత, రెండవ ఏటినుంచి, నీ మంద పది రాత్రులు ఇక్కడే పెట్టుకో అనాలి. మందకు మేత, మన నేలకు ఎరువు. గొర్రెలు తిన్న స్టైలో గింజ పెంటికలలో పడి చుట్టుపక్కల బీళ్ళలో కూడా మొలుస్తుంది. వాటిలోనూ మేసేది వారి మందే.

కోసేది ఎవరు? అరవై దాటిన మనిషి రోజూ కొడవలి పట్టుకొని మోపు నెత్తిన పెట్టుకోవాలంటే, ఇక్కడ కూర్చొని సలహా వ్రాయడం మాకు సులువే. అందుకే 20 గుంటలన్నాము. అందుకే పాక పక్కనే వున్న ముక్కలో వేయమంటున్నాము, దూరపు బీట్లో కాదు. ముర్రా కూడా ఇప్పుడే వద్దు. మేత మొలిచిన ఏడు రెండు మేకలు, అది నిలిచిన తరువాత మన వూరి నాటు బర్రె. అది పూటకు లీటరున్నర ఇచ్చినా శివరాత్రి తరువాత నిలబడి వుంటుంది. ఇందుకు ఆ సోదరి భర్తగారు ఒప్పుకుంటారనే మా నమ్మకం, ఎందుకంటే ఆయన వద్దన్నది బర్రెను కాదు, ఇంకొక సారి నష్టపోవడాన్ని.

హైదరాబాదు పక్కన మామిడిపల్లిలో కేంద్ర ప్రభుత్వపు ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం వున్నది, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వున్నది. వూరికి పోయేటప్పుడు బస్సు మారే వేళ ఒక పూట ఆగి మేత విత్తనాల సంగతి అడిగి రావచ్చును. మిరుగుకు ఇంకా ఏడు నెలలు గడువు వున్నది. పద్మనగర్, కామత్‌ఘర్, టెంఘర్ ఇళ్ళలో ఎవరికైనా ఈ విత్తనం కావాలంటే సంక్రాంతి లోపల సంఘం ఆఫీసులో పేరు వ్రాయించండి. పదిమంది కలిస్తే పార్సిలు ఖర్చు ఒక్కటే. వచ్చేటప్పుడు మీ చెలక మట్టి ఎర్రదో నల్లదో కనుక్కొని రండి. మీకు గుర్తు లేకపోతే ఫోనులో అత్తమ్మను అడగండి, ఆమెకు తెలుసు.